మూడు కొత్తవి, మూడు పాతవి

నాకు ఎవరి మీదా తొందరగా నమ్మకం కుదరదు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే పని నాది. ఒక్క నట్టు తేడా వచ్చినా బట్ట పాడవుతుంది కాబట్టి, అనుమానించడం నా పనిలో భాగమని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎల్లేశం సంగతి జరిగాక ఆ మాట చెప్పడం మానేశాను.

ఎల్లేశం కోరుట్లలో బైకు మెకానిక్కు. తండ్రి కల్లు గీసేవాడు. ఈయనకేమో తాటిచెట్టెక్కితే కళ్లు తిరిగేవి. జగిత్యాలలో ఒక లారీ షెడ్డులో పని నేర్చుకుని, పాతికేళ్ల కిందట కోరుట్లలో సొంత కొట్టు పెట్టుకున్నాడు. క్లచ్ పనికి ఆయన పెట్టింది పేరు. ఒక్కటే చిక్కు. క్లచ్ విప్పితే పక్కన ఎవరినీ ఉండనివ్వడు. మాటలు వినబడితే చెయ్యి కుదరదట. పక్కనే భార్య వజ్రమ్మ నడిపే టీ కొట్టుకు తోలేస్తాడు.

నా బైకు రోజంతా సిరిసిల్ల సందుల్లో తిరగాలి. అదే బైకుతో హైదరాబాద్ అవతల పెట్టే డ్రాగ్ రేసులో దిగాలని నా కోరిక. మలుపుల్లేని నాలుగు వందల మీటర్లు, ఇద్దరు పోటీదారులు, ఒక్కటే దూకుడు. ఆ దూకుడులో క్లచ్ జారకూడదు. అందుకని కొత్త ప్లేట్లు, ఆరు గట్టి స్ప్రింగులు తెప్పించి ఎల్లేశం చేతిలో పెట్టాను.

"రోడ్డు మీదికి, రేసుకు, రెండిటికీ నడవాలె అన్నా."

"నడుస్తది తమ్మీ. ప్లేట్లు పొద్దంత ఆయిల్ల నానాలె. నువ్వు పోయి చాయ్ తాగు. రేపచ్చి తీస్కపో."

నన్ను చాయ్‌కి పంపినప్పుడే నాలో అనుమానపు పురుగు తొలిచింది. మర్నాడు బండి తెచ్చుకుంటే క్లచ్ లివరు హాయిగా వస్తోంది. గట్టి స్ప్రింగులు వేస్తే ఇంత తేలిగ్గా ఎందుకుంటుంది? ఇంటికెళ్లి మూత విప్పాను. ఆరింటిలో మూడే కొత్తవి. మధ్య మధ్యన మూడు పాతవి.

సాంచెకు స్ప్రింగులు మారిస్తే జతంతా మార్చాలి. పాతదీ కొత్తదీ కలిపితే లాగుడు ఒక పక్కకు పోతుంది. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. ఎల్లేశం మూడు స్ప్రింగులు నొక్కేశాడని తేల్చేసుకున్నాను. ఫోన్ చేసి అడిగితే నోరు అరిగిపోదు కదా, అదీ చెయ్యలేదు. మూడు ఊళ్ల బైకువాళ్లుండే వాట్సాప్ గ్రూపులో రాశాను: "కోరుట్ల ఎల్లేశం దగ్గర పనికిస్తే సామాన్లు లెక్కవెట్టుకోండ్రి." తర్వాత ఇంకో మూడు గట్టివి తెప్పించి నేనే బిగించుకున్నాను.

రేసు రోజు తనిఖీలో బండి కాగితాలు అడిగారు. సీటు లేపాను. ఆర్‌సీ పక్కన ఒక కవరు, అందులో నా మూడు స్ప్రింగులు, ఒక చీటీ.

"మూడు చాలు తమ్మీ. ఒకటి ఇడిసి ఒకటి ఏసిన, గుంజుడు సమానంగ ఉంటది. ఆరేస్తే రేసుల ముందటి టైరు లేస్తది, బజార్ల చెయ్యి గుంజుతది."

విప్పి మార్చే వ్యవధి లేదు. గ్రీన్ లైటు వెలగగానే క్లచ్ వదిలాను. ముందు చక్రం గాల్లోకి లేచింది. నేను యాక్సిలరేటరు తగ్గించేసరికి పక్కవాడు గీత దాటేశాడు. ఓడిపోయినందుకు బాధపడే ఓపిక కూడా నాకు లేదు, సిగ్గుతో చచ్చిపోయాను.

గ్రూపులో తప్పు ఒప్పుకున్నాను. దొంగ అన్నప్పుడు అందరూ పదిమందికి పంపారు. కాదన్నప్పుడు ఒకరిద్దరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నేను తీసేసిన మూడు పాత స్ప్రింగులూ పట్టుకుని కోరుట్లకు వెళ్తే ముందు వజ్రమ్మే ఎదురైంది.

"గా మెసేజు రాసింది నువ్వేనా?"

"నేనే వదినా."

"ఆయిన సదివిండు. గా దినం అన్నం ముట్టలే."

ఎల్లేశం దగ్గరికి వెళ్లాను. "తప్పయింది అన్నా" అంటే, "బండి పెట్టు" అన్నాడు. టీ కొట్టు వైపు కదలబోతే స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఒక్కొక్క స్ప్రింగు తీసి నా అరచేతిలో పెట్టి, "గిది పాతది, గిది కొత్తది, సూసినవా?" అని అడుగుతూ బిగించాడు. నేను తల దించుకుని ఊ కొట్టాను. అన్నీ అయ్యాక పానా నా చేతికిచ్చాడు.

"మూత నువ్వే బిగియ్యి తమ్మీ. ఇంటికి వొయ్యి మల్ల ఇప్పి చూసుడెందుకు."