మా అవ్వ ప్రశ్న, గఫూర్ భాయ్ కార్బన్ కాపీ

నిన్న పొద్దున తెలియని నంబర్ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. నేను ఎత్తలేదు. ఈ రోజుల్లో ఎవరిని నమ్ముతాం?

తర్వాత మెసేజ్ వచ్చింది. "అక్కా, నేను రఫీక్‌ను. అన్న పోయిండు."

గఫూర్ భాయ్ లేరు.

కాసేపు ఆ మెసేజ్‌ని కూడా నమ్మలేదు. నా బుద్ధి అలాంటిది. తర్వాత కిచెన్‌లోనే కింద కూర్చుండిపోయాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. నల్గొండ బస్టాండ్ దగ్గర ఆయనకు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఎనభైల చివర్లో మా వైపు ఫారిన్‌లో పీహెచ్‌డీ అని కలలు కన్నవాళ్లంతా ఆయన మెషిన్ పక్కన స్టూల్ మీద కూర్చున్నవాళ్లే.

నేను జువాలజీ ఎమ్మెస్సీ. ఊరు మర్రిగూడ.

అప్పుడు నెట్ లేదు. హైదరాబాద్ వెళ్లి, లైబ్రరీలో ఫారిన్ జర్నల్స్ తిరగేసి, అందులో ప్రొఫెసర్ల అడ్రస్‌లు రాసుకుని రావాలి. ఎవరి అడ్రస్ వాళ్లు ప్రాణంలా దాచుకునేవాళ్లం. నేను ఇంకో మెట్టు పైన. రాసుకున్నాక ఆ జర్నల్‌ని ఇంకెవరికీ దొరక్కుండా తీసుకెళ్లి బాటనీ అరలో పెట్టేదాన్ని.

చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

గఫూర్ భాయ్ ప్రతి ఉత్తరానికీ కార్బన్ పెట్టి ఒక కాపీ ఫైల్లో ఉంచుకునేవారు. "పోస్టుల పోతే మళ్ల కొట్టొద్దా బిడ్డా" అనేవారు. నాకు అక్కడే అనుమానం. ఆయన తమ్ముడు రఫీక్ కూడా జువాలజీయే, కాలేజీలో నా జూనియర్. నా కాపీ నాకు ఇచ్చెయ్యమన్నాను. ఆయన నవ్వి ఫైల్లో పెట్టుకున్నారు. ఆ నవ్వు మీద కూడా అనుమానమే.

కెనడాలో ఎముకల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్‌కి రాస్తూ మా అవ్వ గురించి ఒక పేరా పెట్టాను. మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్. అవ్వ మోకాళ్లు వంకరపోయి గోడ పట్టుకుని నడిచేది. ఒకరోజు నన్ను అడిగింది, "గీ నీళ్లే మేకలు గూడ తాగుతున్నయ్ గద, మరి వాటి కాళ్లు మంచిగెట్లున్నయే?"

ఎమ్మెస్సీ చదివిన నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతకడానికే వస్తానని రాశాను.

రెండు నెలలకు ప్రొఫెసర్ ఉత్తరం వచ్చింది. నల్గొండ నుంచి ఒకే పేరా ఉన్న రెండు ఉత్తరాలు అందాయట. అదే అవ్వ, అవే మేకలు. ఆ పేరా ఎవరిదో తేలేదాకా రెండు అప్లికేషన్లూ పక్కన పెడుతున్నారట.

రెండో పేరు రఫీక్‌ది.

బస్సెక్కి నేరుగా షాపుకి వెళ్లాను. టైపు నేర్చుకునేవాళ్లందరి ముందే అన్నదమ్ములను తోడుదొంగలు అన్నాను. అన్న కాపీ ఇచ్చాడు, తమ్ముడు చూసి దింపాడు, ఇంకేం కావాలి అని అరిచాను. గఫూర్ భాయ్ ఫైల్ తీసి చూసుకుని రఫీక్ వైపు చూశారు. రఫీక్ తల దించుకున్నాడు.

ఆ పేరా నాదేనని ప్రొఫెసర్‌కి నేనే చేత్తో రాసి పంపాను. కొన్నాళ్లకు రమ్మని పిలుపు వచ్చింది. నా ఉత్తరమే పనిచేసిందనుకున్నాను.

అక్కడ చేరిన మొదటి వారంలో ప్రొఫెసర్ నా ఫైల్లోంచి ఒక టైపు కాగితం తీసి చూపించారు. కింద గఫూర్ భాయ్ సంతకం. ఇంగ్లీషులో ఉంది కానీ నాకు మన మాటల్లోనే గుర్తుంది.

"రెండు ఉత్తరాల్లోనూ ఉన్నది ఒకే అవ్వ. ఆమెది మర్రిగూడ. మా దాదీది, అంటే మా నాయనమ్మది, అచ్చంపేట, ఆమె పోయేదాకా నిటారుగానే నడిచింది. తప్పు నా షాపులో జరిగింది. చేసింది నా తమ్ముడు."

దాని వెనక పిన్ను కొట్టి నా ఉత్తరం కార్బన్ కాపీ.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన పట్టి, తన చేత్తోనే టైపు కొట్టి పంపారు. సొంత తమ్ముడి అవకాశం పోతుందని తెలిసే పంపారు.

నేను అప్పుడు కూడా అనుమానపడ్డాను. షాపు పేరు చెడుతుందని రాసుంటారులే అనుకున్నాను. ఊరికి వచ్చిన రెండుసార్లూ ఆ షాపు ముందు నుంచే వెళ్లాను. లోపలికి అడుగు పెట్టలేదు.

నిన్న రఫీక్‌కి తిరిగి ఫోన్ చేశాను. అచ్చంపేటలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడట. నా నోరు ఊరుకుంటుందా? ఇన్నేళ్ల తర్వాత నాకెందుకు చెప్తున్నావని అడిగాను.

అప్పుడు చెప్పాడు.

"కెనడాకు అన్న రాసిన ఉత్తరం పోస్ట్ డబ్బల ఏసింది నేనే అక్కా. కవర్ అంటియ్యకుంట నా చేతికిచ్చిండు. సదువు, నీకు ఒప్పైతే ఎయ్యి, లేకుంటే చింపెయ్యి అన్నడు. ఏసినవా అని మళ్ల అడగలె."

మరి ఎందుకు వేశావన్నాను.

"గా అవ్వ నీ అవ్వ గద."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

తప్పు చేస్తూ దొరికిన తమ్ముడి చేతికే అంటించని కవర్ ఇచ్చిన మనిషి ఆయన. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన షాపు గడప తొక్కనిది నేను.

గఫూర్ భాయ్, నా కాపీ ఇచ్చెయ్యమని ఇంక అడగను. మీ దగ్గరే ఉండనివ్వండి.

ఏ ఫికర్ లేకుండా పడుకోండి.