సగం చెరిగిన సైకిలు బొమ్మ

మొన్న వెంకటాచలంలో హైవే పక్కనున్న స్టిక్కర్ల దుకాణానికి వెళ్ళాను. మా ఆయన ఒక పాత సైకిలును బాగుచేస్తున్నారు. రంగు వేయడం అయిపోయింది, హ్యాండిలు కింది గొట్టం మీద ఉండే కంపెనీ బొమ్మ ఒక్కటే మిగిలింది. తాతలు తొక్కిన సైకిళ్ళను అటకల మీదనుంచి దింపి, ముద్దుగా బాగుచేయించుకునే కుర్రవాళ్ళు నెల్లూరులో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇనుము పని ఆయనది, చెరిగిన బొమ్మను మళ్ళీ గీసి ఇచ్చే పని నాది, ఈ వయసులో ఇద్దరికీ ఇదొక కాలక్షేపం. దుకాణం నడిపే అమ్మాయి నేను గీసిన కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి, ఏదో వెతికి, అచ్చం అలాంటి బొమ్మే ఎవరో ఇంతకుముందే తయారుచేసి పెట్టారని కంప్యూటరులో చూపించింది. తర్వాత పక్కనున్న మిషను తన సన్నటి కత్తితో గీతలన్నీ తనే కోసుకుంటూ పోయింది. నేను కుర్చీలో కుదురుగా కూర్చునేలోపలే బొమ్మ చేతికొచ్చింది. చాలా బాగా వచ్చింది, వంక పెట్టడానికి లేదు. పొట్లం చంకన పెట్టుకుని ఆటో కోసం నిలబడ్డప్పుడు మాత్రం, నేను మొట్టమొదట చేసిన సైకిలు బొమ్మా, దానికోసం మేము పడిన తిప్పలూ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మా నాయనకు నెల్లూరులో చిన్న సిల్కు స్క్రీను ప్రింటింగు దుకాణం ఉండేది. నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చెక్క చట్రానికి పట్టుగుడ్డ బిగించి, దాని మీద కోసిన అచ్చు అంటించి, రబ్బరు పట్టీతో రంగును ఒక్క ఊపున లాగితే కింద కాగితం మీద అక్షరాలు పడేవి. పెళ్ళి కార్డులు, క్రిస్మసు కార్డులు, తిరునాళ్ళ పోస్టర్లు, ఒక్కోసారి రొయ్యల మేత సంచుల మీద పేర్లు, ఇవే మా పని. తడి ఆరని కార్డులను తీగలకు క్లిప్పులతో వేలాడదీసేవాళ్ళం కాబట్టి మా దుకాణంలోకి ఎవరొచ్చినా తల వంచుకుని రావలసిందే. చదువు ముగించి టైపు నేర్చుకుంటూ ఉండిన నేను, చేయి వణకదన్న ఒకే ఒక్క కారణం మీద అచ్చులు కోసే పనిలో కుదురుకున్నాను. రంగు కడిగే కిరసనాయిలు వాసన నా జడకు కూడా పట్టి ఉండేదని మా అమ్మ ఎప్పుడూ విసుక్కునేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, వాకాడునుంచి బస్సులో వచ్చిన ఒక యువకుడు సైకిలు ఫ్రేమును భుజాన వేసుకుని, తల వంచడం తెలియక మా కార్డులను తలతో రాసుకుంటూ లోపలికి వచ్చాడు. చెవి మీద ఎర్ర రంగు అంటుకుంది. అది తనకు తెలియకుండానే ఎంతో గంభీరంగా తన పని చెప్పుకొచ్చాడు. నాకు నవ్వు ఆగక అచ్చుల బల్ల వెనక్కి తిరిగిపోయాను.

వాకాడులో సైకిలు షాపు పెట్టుకున్నాడట. ఆ ఫ్రేము ఒక నర్సమ్మది. ఆమె క్రైస్తవ మిషనరీల ఆసుపత్రిలో పని నేర్చుకుని, వాకాడుకూ సముద్రానికీ మధ్యనున్న పల్లెలన్నిటిలో సైకిలు మీద తిరిగి పురుళ్ళు పోసిన మనిషి. ఇసుక వచ్చినచోట దిగి తోసుకుంటూ, కాలవ వచ్చినచోట సైకిలును పడవలో పెట్టుకుని, ఎండా వానా అనకుండా వెళ్ళేదట. ఈ అబ్బాయిని భూమ్మీదికి తెచ్చింది కూడా ఆమే. ఆ ఏడు తుపానుకు సముద్రపు నీళ్ళు ఆమె ఇంట్లోకి వచ్చి, సైకిలు ఉప్పునీటిలో నానిపోయి తుప్పు పట్టింది. ఆమె ఉద్యోగం నుంచి దిగిపోయే రోజు దగ్గరపడుతోంది. ఊళ్ళవాళ్ళందరూ కలిసి శాలువాలూ దండలూ ఎందుకు, ఆమె సైకిలునే కొత్తదానిలా చేసి ఇద్దామని అనుకున్నారు. చక్రాలు, గొలుసు, బ్రేకులు అన్నీ దొరికాయి. బొమ్మ మాత్రం దొరకలేదు. ఆ కంపెనీ ఏనాడో మూతపడింది.

ఫ్రేము మీద మిగిలింది ఎడమవైపు ఒక బంగారు రెక్క, దాని చుట్టూ సగం ఎర్ర వలయం, అంతే. నర్సమ్మ సెకండు హ్యాండులో కొన్నప్పటికే అది అంతవరకే ఉండిందట. కానీ ఆమె దాన్ని దేవదూత రెక్క అనేది. నొప్పులతో భయపడుతున్న ఆడవాళ్ళకు వాకిట్లో ఉన్న సైకిలును చూపించి, నాకంటే ముందు దూత వచ్చి నిలబడింది చూడు, ఇంక నీకేం కాదు అని ధైర్యం చెప్పేదట. ఆ పల్లెల్లో దానికి దూత సైకిలు అనే పేరు. అందుకే బొమ్మ లేకుండా సైకిలు ఇవ్వడానికి ఈ అబ్బాయికి మనసొప్పలేదు.

మా నాయన ప్రతి ఆదివారం గుడికి, అంటే మా చర్చికి, తప్పకుండా వెళ్ళే మనిషి. ఆ మాట వినగానే కరిగిపోయి, దానికేముంది, నిలువెత్తు దూతను గీసి ఇస్తామన్నాడు. అబ్బాయి ఒప్పుకోలేదు. తను పని నేర్చుకున్న చోట అలాంటి సైకిలును ఒకప్పుడు చూశాననీ, అది దూత కాదనీ, గద్దేమో అని అనుమానంగా ఉందనీ అన్నాడు. అసలు ఏముండిందో తెలుసుకుని అదే వేద్దామని అతని పట్టుదల. ఆ కంపెనీ సైకిలు ఇంకొకటి ఎక్కడైనా ఉందా అని కోస్తా పొడుగునా తెలిసినవాళ్ళందరికీ చెప్పి పెట్టాడు. చివరకు జువ్వలదిన్నెలో ఒకటి ఉందని కబురు వచ్చింది. కొలతలు తీసుకోవడానికి చేయి కుదురైనవాళ్ళు కావాలన్న సాకుతో నేనూ, నన్ను ఒంటరిగా పంపడం ఇష్టంలేక నాయనా, ఆ అబ్బాయితో కలిసి ముగ్గురం బస్సెక్కాం.

ఆ సైకిలు ఒక అవ్వ ఇంటి పక్కన తాటాకుల పంచలో ఉంది. చక్రాలు లేవు కానీ ఫ్రేము నిక్షేపంగా ఉంది, ఎందుకంటే దాని మీద నిలువెల్లా పడవలకు వేసే నీలం రంగు మందంగా పూసి ఉంది. కింద బొమ్మ తప్పకుండా భద్రంగా ఉంటుందని అబ్బాయి ముఖం వెలిగిపోయింది. కొంచెం రంగు గీకి చూస్తామని అతను అడిగిన మరుక్షణమే అవ్వ సైకిలుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

“ఆ రంగు నా మొగుడు పూసింది. పడవకేయంగా మిగిలింది తెచ్చి, ఉప్పుగాలికి చెడిపోతాదని పూసినాడు. తెల్లారి ఏటకు పోయినోడు మళ్ళా రాలా. దాన్ని గోటితో కూడా గీకనీను,” అంది.

అబ్బాయి రంగు గీకడానికి తెచ్చిన ఉప్పుకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాయన చేతులు జోడించి, తెలియక అడిగినాము తల్లీ, ఏమీ అనుకోవద్దు అన్నాడు. తిరిగి వెళ్ళబోతుంటే, ఎండలో వచ్చిన మనుషులు కదా అని ఆమే మమ్మల్ని కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చింది. ఇంతకీ ఎందుకొచ్చారని అడిగితే అబ్బాయి నర్సమ్మ సంగతీ, సగం మిగిలిన దూత సంగతీ చెప్పాడు. అవ్వ వింటూ వింటూ ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

“దూతా గాదు, గద్దా గాదు అబ్బయ్యా! అది రెక్కల చేప. నీళ్ళ మీద ఎగురతా పోతాయే, ఆ చేప. అది చూసే గదా నా మొగుడు ఆ సైకిలు కొన్నాడు. రోజూ కొబ్బరినూని రాసి తుడిచిందాన్ని, నాకు తెలీదా?”

అంటూనే ముందుకు వంగి, వాకిట్లో ఇసుకను అరచేత్తో చదును చేసి వేలితో గీయడం మొదలుపెట్టింది. నేను నేల మీద కూర్చుని ఆ గీతను కాగితం మీదికి ఎక్కించుకుంటూ పోయాను. తోక నేను రెండు పాయలూ సమానంగా గీస్తే ఆమె ఊరుకోలేదు.

“అట్ట గాదు అమ్మణ్ణీ, కింద పాయ పొడుగుండాల. ఆ పాయతో నీళ్ళను కొట్టే గదా అది పైకి లేచేది!”

నర్సమ్మ ఫ్రేము నుంచి దించుకున్న రెక్క నా దగ్గర పలుచటి కాగితం మీద ఉంది. దాన్ని ఆ చేప పక్కన పెడితే సరిగ్గా అతుక్కుంది. ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా నాయన ఒక్కడి ముఖమే కొంచెం చిన్నబోయింది.

తిరుగు ప్రయాణమంతా బస్సులో వాళ్ళిద్దరిదీ వాదనే. ఆమె ఇన్నేళ్ళు నమ్మింది దూతను, దిగిపోయేనాడు ఆమె చేతిలో చేపను పెట్టి నమ్మకం చెడగొట్టడం ఎందుకని నాయన. లేని బొమ్మను వేస్తే అది ఆమె సైకిలే కాదని అబ్బాయి. ఎవరూ తగ్గలేదు. చివరకు నాయన విసిగి, “కోసేది నువ్వు గదా, నీకేది తోస్తే అది కోయి. ఇంక నన్నడగబాకండి,” అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను చాలా ఆలోచించాను. ఆ నర్సమ్మను నేను చూసింది లేదు. కానీ ఆమె చూసుకున్నదీ, పదిమందికి చూపించుకున్నదీ ఆ రెక్కనే. అది గీత తేడా లేకుండా ఉన్నచోటే ఉంటే, పక్కన ఉన్నది చేపైనా ఆమె నొచ్చుకోదనిపించింది. పైగా ఇసుక మీద గీసేటప్పుడు ఆ అవ్వ ముఖం చూశాక, ఆ చేపను కాదని ఇంకొకటి కోయడం నా వల్ల కాలేదు. చేపనే కోశాను.

కోయడం ఒక ఎత్తు, అంటించడానికి వీలుగా తయారుచేయడం ఒక ఎత్తు. ఇప్పటిలాగా వెనక జిగురున్న ప్లాస్టిక్కు మాకు తెలియదు. చిన్నప్పుడు నీళ్ళలో తడిపి పలక మీద జార్చి అంటించుకున్న బొమ్మలు గుర్తున్నాయా? ఆ పద్ధతే పట్టుకున్నాం. కాగితానికి తుమ్మజిగురు పూసి ఆరబెట్టి, దాని మీద వార్నీషు, వార్నీషు మీద బంగారు రంగు, ఆ పైన ఎరుపు. జిగురు చిక్కనైతే కాగితం ముడుచుకుపోయేది, పలుచనైతే బొమ్మ కదలకుండా మొండికేసేది, వార్నీషు ఎక్కువైతే రెక్క మధ్యలో పగిలేది. వాకాడునుంచి అబ్బాయి వారానికోసారి వచ్చి, చెడిపోయిన చేపలను చూసి ఏమీ అనకుండా వెళ్ళేవాడు. తలుపు దగ్గర తల వంచడం మాత్రం బాగా అలవాటైంది. చివరికి ఒక బొమ్మ, పళ్ళెంలో నీళ్ళ మీద కాగితాన్ని వదిలి, నిజంగానే ఈదుతున్నట్టు మెల్లగా జరిగినప్పుడు మా నాయన తన వాదన మరిచిపోయి దుకాణం అదిరేలా చప్పట్లు కొట్టాడు.

వాకాడులో గుడి ఆవరణలో ఆ సైకిలును నర్సమ్మకు ఇచ్చారు. తెల్లచీర కట్టుకున్న బక్కపలుచటి మనిషి. సైకిలు మీద కప్పిన దుప్పటి తీయగానే దగ్గరికి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, వంగి చూసింది.

“ఇదేందబ్బా, చేపా?” అంది.

నేను మా నాయన వెనక్కి జరిగాను. ఆమె వేలితో రెక్కను మెల్లగా తడిమి, “రెక్క మాత్రం నాదే,” అంది. తర్వాత తల ఎత్తి, నవ్వును ఆపుకోలేక, “ఇన్నేళ్ళూ దూత దూత అని ఊళ్ళన్నీ చెప్పుకుంటా తిరిగినానే! సముద్రం పక్కన పురుళ్ళు పోసేదానికి దేవుడు ఇంకెవర్ని పంపిస్తాడు, చేపనే గదా పంపించేది!” అంది. అందరూ గొల్లుమన్నారు. ఆమె చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, ఎవరూ పట్టుకోనవసరం లేకుండా సైకిలెక్కి, గుడి చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది. మా నాయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూడనట్టు ఉండిపోయాను.

అలాంటి బొమ్మే ఇంకొకటి చేసి జువ్వలదిన్నె అవ్వకు తీసుకెళ్ళాం. నీలం రంగును కొంచెం కూడా చెరపకుండా దాని మీదనే అంటించాం. ఆమె లోపలికి వెళ్ళి కొబ్బరినూనె గిన్నె తెచ్చుకుంది. బొమ్మ ఇంకా ఆరాలి అవ్వా, రేపు రాయి అని అబ్బాయి చెబితే, చిన్నపిల్లలా ఆ గిన్నె పట్టుకునే పక్కన కూర్చుండిపోయింది. మేము బయలుదేరేటప్పుడు మాత్రం మా నాయనను ఆపి, “ఏం సామీ, ఈ పిల్లనూ ఈ అబ్బయ్యనూ ఎన్నాళ్ళని ఇట్ట ఊరికే బస్సుల్లో తిప్పతా ఉంటావు?” అని అడిగింది. నాయన ఒకసారి దగ్గి మా ఇద్దరి వైపూ చూశాడు. మరుసటి ఎండాకాలంలో ఆ వాకాడు గుడిలోనే మా పెళ్ళి జరిగింది. మా పెళ్ళి కార్డు అచ్చు నేనే కోసుకున్నాను.

ఇప్పుడు నర్సమ్మ లేదు, అవ్వ లేదు, నాయన లేడు. జువ్వలదిన్నెలో పెద్ద హార్బరు వచ్చింది, ఆ తాటాకు పంచ ఎక్కడుండిందో మొన్నీమధ్య వెళ్ళినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. కాలం మారినందుకు నాకు బాధేమీ లేదు. ఆ మిషను కోసే గీత నా గీత కంటే సన్నగా ఉంటుంది, ఎండకు పగలదు, నీళ్ళకు ఊడదు, ఆ అమ్మాయి కూడా పని మీద ప్రేమ ఉన్న పిల్లే. ఏ బొమ్మ కావాలన్నా పూర్తిగా, రంగులతో సహా ఫోనులోనే దొరుకుతోంది. ఒక్కటే అనిపిస్తుంది. బొమ్మలో మిగతా సగం తెలియక, అది తెలిసిన మనిషి కోసం బస్సులెక్కి ఊళ్ళు తిరిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ వాకిట్లో కూర్చుని మజ్జిగ తాగి, వాళ్ళ కథ విని రావలసిన పని ఇప్పుడు ఎవరికీ పడటం లేదు. ఆ పని పడబట్టే కదా నాకు ఇంతమంది దొరికారు.