పెద్దాయన అడిగిన టికెట్

రెండేళ్ల మూడు నెలల క్రితం, గచ్చిబౌలి నుంచి కొత్తగూడ వెళ్లే బస్సులో ఒక పెద్దాయన లేచి, "టికెట్, టికెట్" అంటూ నా ముందు చెయ్యి చాపారు.

"మీరు కండక్టర్ కాదు కదండీ" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఇంట్లో మావారికీ మతిమరుపు జబ్బే. ఆయన పొరపడినప్పుడల్లా తేదీలతో సహా దిద్ది దిద్ది, మాట్లాడటమే దాదాపు మానేసేలా చేశాను.

పెద్దాయన భార్య మెల్లగా, "ముప్పై ఏండ్లు కండక్టరే అమ్మా. జర చూపియ్యుండ్రి. యాది మర్చేటోళ్లను, వాళ్లను చూసుకునేటోళ్లను వారం వారం ఒక్కకాడ కూసోవెట్టి పాటలు పాడిపిస్తరు, గాడికే పోతున్నం. వాళ్లేమన్నా కాదనొద్దని గాడనే నేర్చుకున్న" అంది.

చూపించాను. "కరెక్టున్నది, కూసో అమ్మా" అన్నారాయన.

ఆ సాయంత్రం మావారు, "అమ్మ అన్నం తిందా?" అని అడిగారు. మా అత్తగారు పోయి అప్పటికి ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు.

"తిన్నారండి" అన్నాను.