సున్నపు నీళ్ళ కూటం

మా ఇంటి పక్కన ఎవరిదో ఫామ్‌హౌస్ ఉంది. ఎవరిదో నాకు తెలియదు, నేనెవరినో వాళ్ళకూ తెలియదు, ఇరుగుపొరుగంతా వాచ్‌మన్‌తోనే. మొన్న అతను కొబ్బరిచెట్ల మొదళ్ళకు పూయడానికి డ్రమ్ములో సున్నపురాళ్ళు పోసి నీళ్ళు వంచాడు. అవి బుస్సుమని పొంగాయి. వేడి ఆవిరి ప్రహరీగోడ దాటి వచ్చి నా ముఖానికి తగిలింది. ఆ వాసన వెనకాలే ఉప్పులో ఊరిన పచ్చితోళ్ళ కంపు వస్తుందని నా ముక్కు కాసేపు కాచుకుని కూర్చుంది. ఇన్నేళ్ళయినా దానికి బుద్ధి రాలేదు. కంపు రాలేదు గానీ మార్తమ్మ పెద్దమ్మ మాత్రం వచ్చి కూర్చుంది, లేవనంటోంది.

నా తెలివితక్కువతనం ముందే చెప్పేస్తే మీకూ నాకూ సులువు. అరవై తొమ్మిదిలో నేను పట్నంలో పీయూసీ చదువుతున్నాను. అంటే, ఉద్యమంలో మూతబడ్డ కాలేజీ తెరిస్తే చదువుదామని ఊళ్ళో కూర్చున్నాను. తెలంగాణ వస్తే ఉద్యోగాలొస్తాయని అందరూ నమ్మేవాళ్ళు. నేను ఇంకో మెట్టెక్కి, మా వాగు నీళ్ళు కూడా తేటపడతాయని నమ్మాను. అదెట్లా అని నన్నెవరూ అడగలేదు గనక నన్ను నేనూ అడగలేదు. అప్పట్లో నాది పెద్ద గొంతు. దేవుడు ఒకచోట పెంచితే ఇంకోచోట తగ్గిస్తాడంటారు. నాకు ఎక్కడ తగ్గించాడో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మా ఊరు మొయినాబాద్ దాటి చేవెళ్ళ పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. మార్తమ్మ మా వాడలో బైబిలమ్మ. మిషన్ వాళ్ళు పెట్టిన మనిషి. చంకలో సంచి, సంచిలో బైబిలు, పాటల పుస్తకం, వాటి అడుగున తమలపాకులు. తమలపాకుల సంగతి మిషన్ వాళ్ళకు తెలియదు. ముడిమ్యాల దాకా కాలినడకన తిరిగి, ఇంటింటా ఆడవాళ్ళను కూర్చోబెట్టి వాక్యం చదివేది. ఆమెకు తెలియని గడప లేదు, ఆమె చూడని పొయ్యి లేదు. మా అమ్మకు వరసకు అక్క కాకపోయినా నాకు పెద్దమ్మే. వాడలో పిల్లలందరికీ పెద్దమ్మే.

మా వాడకు సొంత బావి ఉండేది. అది గొప్ప సంగతని నాకు తెలియదు, ఎందుకంటే నేను పుట్టేసరికే అది ఉంది. అంతకుముందు మా ఆడవాళ్ళు కుండలు పట్టుకుని పటేళ్ళ బావికి ఎడంగా నిలబడేవాళ్ళు. పైవాళ్ళెవరైనా వచ్చి, దయ కలిగి, చేది పోస్తే నీళ్ళు. లేకపోతే ఎండ. మార్తమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు అట్లా నిలబడి నిలబడి, ఖాళీ కుండతో తిరిగొచ్చి, దాన్ని అత్త ముందు బోర్లించి, “రేపట్నించి నేను పోను. బాయన్న తవ్వుండ్రి, నన్నన్న పుట్టింటికి తోలుండ్రి” అన్నదట. కోడల్ని పంపడం కంటే బావి తవ్వడమే సులువని మామ అనుకున్నాడని ఆమె నవ్వుతూ చెప్పేది. కూలిపనులు ముగిశాక సందెవేళల్లో వాడంతా కలిసి తవ్వారు. ఆమె మట్టితట్టలు మోసింది. అందుకే ఆ బావి గట్టు మీద ఎవరైనా ఉమ్మితే బైబిలమ్మ నోటినుంచి బైబిల్లో లేని మాటలు వచ్చేవి.

ఆ బావికి ఎగువన, వాగు ఒడ్డున, పట్నం సేటు ఒకాయన తోళ్ళ కార్ఖానా పెట్టాడు. మా మగవాళ్ళకు పని దొరికింది. మార్తమ్మ కొడుకు సామేలుది సున్నపు తొట్లలో పని. పచ్చితోళ్ళను సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు గీకడం. ఆ నీళ్ళు కార్ఖానా వెనక మట్టికట్ట వేసిన మడుగులోకి పోయేవి, మడుగు నిండితే వాగులోకి. మొదట వాగులో చేపలు వెల్లకిలా తేలాయి. మా వాళ్ళు సంబరంగా ఏరుకొచ్చి కూరొండుకున్నారు. ఆ సంబరం ఆ ఒక్క పూటే.

ఇంటి ప్రార్థన కూటాల్లో మాకొక పద్ధతి ఉంది. పాట, వాక్యం అయ్యాక ఎవరి విన్నపం వాళ్ళు పైకి చెప్పాలి. ఒక్కరు ఒక్కటే చెప్పాలి. మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. మామూలుగా అవి జ్వరాలు, పరీక్షలు, తాగుబోతు మొగుళ్ళు. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన కూటంలో నేను గుమ్మం దగ్గర కూర్చుని విన్నాను.

“ప్రభువా, బాయి నీళ్ళల్ల పప్పు ఉడుకుతలేదు. కట్టెలన్నీ కాలిపోయినయి, గింజ గింజలెక్కనే ఉన్నది.”

“ఆమెన్.”

“తండ్రీ, బట్టలు పిండితే చేతుల తోలు ఊడుతున్నది.”

“ఆమెన్.”

ఒక కొత్త పెళ్ళికూతురు చెప్పబోయి ఆగింది. మార్తమ్మ కళ్ళు తెరవకుండానే, “చెప్పు బిడ్డా” అన్నది. “ఆయన పక్కకొస్తే తోళ్ళ వాసనొస్తున్నది, పెద్దమ్మా” అన్నది ఆ అమ్మాయి. నవ్వులు. “నవ్వకుండ్రి. అది సుత దేవునికెరుకే. ఆమెన్ అనుండ్రి” అన్నది మార్తమ్మ.

తర్వాతి కూటానికి పటేళ్ళ కోడలు అనసూయమ్మ వచ్చింది. లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి, “నేను మీ దేవునికి మొక్కను మార్తమ్మా” అన్నది.

“మొక్కకు తల్లీ. చెప్పు. చెప్పనీకి మొక్కుడెందుకు?”

“మా బర్రెల కడుపుల దూడలు కడుపులనే సచ్చినయి. వాగు నీళ్ళు తాగినంకనే.”

ఇల్లంతా ఒక్క గొంతుతో ఆమెన్ అన్నది. అనసూయమ్మ ఉలిక్కిపడి, “అట్లంటే ఏంది?” అని అడిగింది. “నిజమే అన్నట్టు. నీ మాటకు మేమున్నం అన్నట్టు” అన్నది మార్తమ్మ. ఆ తర్వాత పటేళ్ళ ఇళ్ళనుంచి ఇంకొందరు వాకిట్లో నిలబడ్డారు. అక్కడినుంచి అరుగు మీదికి, అరుగు మీదినుంచి చాప మీదికి వచ్చారు.

నాకిదంతా చిన్నపని అనిపించేది. “పెద్దమ్మా, పెద్ద సభ పెట్టరాదు? నేను మాట్లాడ్త” అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “సభ పెడ్తే మాట్లాడేది మీరు, సప్పట్లు కొట్టేది మేము. గిట్లయితే ఎవల గోస వాళ్ళ నోటితోనే ఎల్తది. ఒక్కసారి పదిమందిల చెప్పినంక, రేపు సేటు ఎదురంగ వచ్చినా లేదనలేరు.”

మార్తమ్మ ఆ ఆడవాళ్ళందరినీ తాలూకా ఆఫీసుకు తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్ళాను, ఇంగ్లీషు అవసరమవుతుందేమోనని. అవసరం కాలేదు. “దరఖాస్తు ఏది?” అన్నాడు అధికారి. “రాసుకరాలే సారు. చెప్తం, జర ఇనుండ్రి” అని మార్తమ్మ తలకొంగు సర్దుకున్నది. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ప్రతి మాటకూ గదంతా ఆమెన్. కాసేపటికి తలుపు దగ్గరి బంట్రోతు కూడా ఆమెన్ అనడం మొదలుపెట్టాడు.

“అమ్మా, ఇది ఆఫీసు, చర్చి కాదు.”

“ఎరుకే సారు. చర్చిల అయితే దేవుడు ఇంటడు.”

ఆయన నవ్వాడు. మంచివాడే. ఎవరినైనా పంపి చూపిస్తానన్నాడు. కానీ చూడాల్సినవాళ్ళు సమ్మెలో ఉన్నారు. సమ్మె తెలంగాణ కోసం. నేను దానికీ జై కొట్టాను.

ఎవరూ రాకపోవడంతో ఆడవాళ్ళు కూటాన్ని కార్ఖానా గేటు ముందు పెట్టాలనుకున్నారు. పచ్చితోళ్ళు ఎండలో ఒక పూట ఆగితే పురుగు పడతాయి. తోళ్ళ లారీలను పొద్దంతా రోడ్డు మీద ఆపితే సేటే దిగొచ్చి మడుగుకు రాతికట్ట కట్టిస్తాడని సామేలే తల్లికి చెప్పాడు. సంగతి సేటు చెవిన పడింది. ఆయన మా కుర్రాళ్ళను పిలిచి చాయ్ తాగించాడు. “బేటా, మీ ఉద్యమం నా ఉద్యమం. పట్నంల మీటింగుకు నా లారీ తీస్కపోండి” అన్నాడు. గేటుకు జెండా కూడా కట్టాడు. తోళ్ళు మోసే లారీ అది. కడిగించాడు గానీ కంపు పోలేదు. అందులో ఎక్కిన మాకూ తోలు మందమైంది.

ఆడవాళ్ళు గేటు ముందు కూర్చున్న పొద్దునే మా లారీ గేటు లోపలినుంచి బయల్దేరింది. బయట దారికడ్డంగా మా అమ్మలు, అత్తలు, అనసూయమ్మ. వాళ్ళ వెనక తోళ్ళ లారీలు ఈగలు ముసురుతూ ఆగి ఉన్నాయి. క్యాబిన్ మీద నిలబడ్డవాణ్ణి నేనే. “జరుగుండ్రి! ఉద్యమానికి అడ్డం రావొద్దు!” అని అరిచాను. ఎవరూ కదల్లేదు. డ్రైవరు ఇంజను రెచ్చగొట్టాడు, లారీ ఒక్క ఊపు ఊగింది, నేను తూలి క్యాబిన్ అంచు పట్టుకున్నాను. మార్తమ్మ అది చూసింది. “లేవుండ్రే, మన పోరగాండ్లు. కిందపడ్తరు” అని తనే ముందు లేచింది. అందరూ పక్కకు జరిగారు. మేము బయటికి వచ్చిన సందులోంచే తోళ్ళ లారీలన్నీ లోపలికి పోయాయి. గేటు మూసుకుంది. అదంతా నేను పైనుంచి చూశాను. నోట్లో నినాదం సగంలో ఉంది. మిగతా సగమూ పూర్తి చేశాను.

మళ్ళీ కూర్చునే అవకాశం రాలేదు. ఆడవాళ్ళు గేటు దగ్గర కనబడితే మగవాళ్ళకు పని ఉండదన్నాడు సేటు. అన్నంత పనీ సామేలుతోనే మొదలుపెట్టాడు. కూటంలో చాపలు ఖాళీ అయ్యాయి.

వానలు పడ్డాయి. మట్టికట్ట తెగి మడుగంతా పల్లానికి దిగింది. తెల్లారి చూస్తే బావిలో నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి, పైన వెంట్రుకలు. వేరే నీళ్ళు లేవు. గుడ్డలో వడగట్టుకుని, కాచుకుని తాగారు. సాయంత్రానికి వాడంతా వాంతులు. సామేలు కూతురు రూతు అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. దాన్ని దవాఖానకు తీసుకుపోదామంటే ఆ రోజు బంద్. బస్సుల్లేవు. బస్సులు రాకుండా రోడ్డు మీద రాళ్ళు పేర్చింది మేమే. సామేలు సైకిలు మీద పిల్లను భుజాన వేసుకుని బయల్దేరి, మేము పేర్చిన రాళ్ళ దగ్గర దిగి, సైకిలు ఎత్తి దాటించి, మళ్ళీ ఎక్కి పోయాడు. మొయినాబాద్ చేరకముందే వెనక్కి వచ్చాడు. పిల్ల ఇంకా భుజం మీదే ఉంది. ఆ వారంలో వాడలో ఇంకా కొందరు ముసలివాళ్ళు పోయారు.

ఆ తర్వాత మా ఆడవాళ్ళు కుండలు తీసుకుని మళ్ళీ పటేళ్ళ బావికి వెళ్ళారు. అందరికంటే ముందు మార్తమ్మ. మొదటిరోజు అనసూయమ్మ వచ్చి చేద తీసి మార్తమ్మ చేతికే ఇచ్చింది. “నువ్వే చేదుకో” అన్నది. రెండోరోజు అనసూయమ్మను ఇంట్లోంచి రానివ్వలేదు. చేద కూడా లోపలే ఉంది. ఆడవాళ్ళు ఎడంగా ఎండలో నిలబడ్డారు.

నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. “పెద్దమ్మా, ఆ దినం లారీ...” అన్నాను. ఆమె పటేళ్ళ ఇంటి తలుపు వైపే చూస్తోంది.

“నువ్వొక్కనివే ఎక్కినవా? గొంతు పెంచి ఒర్లేటోళ్ళకు లారీలిస్తరు బిడ్డా. ఏడ్సేటోళ్ళకు ఇయ్యరు.” కుండను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది. “ఈసారి ఎవడన్న ఉత్తపుణ్యానికి బండెక్కుమంటే, ఎటు పోతదని అడుగకు. ఎవలను జరిపి పోతదని అడుగు.”

ఆమె అట్లా నిలబడే రోజుల్లోనే పోయింది. దగ్గు అన్నారు. ఆఖరి నాళ్ళలో ఆమె విన్నపాలు చెప్పడం మానేసిందని, ఎవరైనా అడిగితే తల అడ్డంగా ఊపేదని మా అమ్మ చెప్పింది. నన్నిప్పటికీ నిద్ర లేపే మాట అదే.

కార్ఖానా మా పోరాటం వల్ల పోలేదు. తోళ్ళకంటే భూమి ఎక్కువ పలికే రోజులు వచ్చినప్పుడు తనంతట తానే పోయింది. సేటు చుట్టూ గోడ కట్టి, మా బావి కూడా తన హద్దులోకే వస్తుందని చెప్పి, కార్ఖానా కూల్చిన రాళ్ళతో దాన్ని పూడ్చి, పైన గడ్డి పెంచి, ముందర బంగళా కట్టుకున్నాడు.

నేను బస్సు కండక్టర్ని అయ్యాను. బస్సులు ఆపినవాణ్ణి దేవుడు బస్సులోనే పడేశాడు. మెహిదీపట్నం నుంచి చేవెళ్ళ దారి నాది. మా ఊరి స్టేజీని అప్పటిదాకా కార్ఖానా అనేవాళ్ళు. ఎవరినీ అడగకుండా, మొదటిరోజు నుంచే “మార్తమ్మ బావి, మార్తమ్మ బావి, దిగేటోళ్ళు రావాలె” అని పిలిచాను. బావి ఏదని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. గోడ వెనక్కి చూపించేవాణ్ణి. మిగతా కండక్టర్లూ అదే అనసాగారు, చంటిపిల్లలకూ అదే వచ్చింది. సేటు తన తండ్రి పేరు చెక్కించి సిమెంటు షెల్టరు కట్టించాడు. జనం దాని నీడలో నిలబడి మార్తమ్మ బావి బస్సు కోసం చూసేవాళ్ళు.

ఒక వానరోజు మొయినాబాద్ దగ్గర సేటు కారు ఆగిపోయింది. ముసలివాడయ్యాడు. తడిసి, రైలింగు పట్టుకుని నా బస్సెక్కాడు. నన్ను గుర్తుపట్టలేదు.

“ఎక్కడికి సార్?”

“కార్ఖానా.”

“అట్లాంటి స్టేజీ లేదు సార్.”

తండ్రి పేరు చెప్పాడు. “ఈ బస్సు ఆడికి పోదు” అన్నాను.

“అరే, రోజూ నా ఇంటి ముందల్నే ఆగుతది కదా!”

“దాని పేరేందో చెప్పుండ్రి, టికెట్ ఇస్త.”

వెనక సీట్లోంచి కూరగాయల గంపావిడ, “అనుండ్రి సేటూ, నోరేం కాలదు” అన్నది. ఆయన కిటికీలోంచి వానను చూశాడు. తర్వాత పెదవులు కదిలించాడు.

“ఇంజను సప్పుడు సార్, ఇనవడలే.”

“మార్తమ్మ బావి” అన్నాడు సేటు. బస్సంతా విన్నది.

టికెట్ చింపి చేతిలో పెట్టాను. చార్జీ అందరికీ ఎంతో ఆయనకూ అంతే.