అత్తమ్మ తెచ్చిన పీట

మాది డుంబ్రిగుడలో కిరాణా కొట్టు. పిల్లలు చదువులకు వెళ్లాక, నలభై దాటిన వయసులో నేను క్లాసికల్ గిటార్ మొదలుపెట్టాను. అది వాయించేటప్పుడు ఎడమ కాలు కాస్త ఎత్తున ఉండాలి. నేను వంటింటి పీట మీద కాలు పెట్టుకుని సాధన చేసేదాన్ని. "పీట కూకోడానికి గానీ తొక్కడానికేటి?" అని మా అత్తమ్మ సణిగేది.

గిటార్ మొదటి గ్రేడ్ పరీక్షకి విశాఖ వెళ్లాను. చేతిసంచి పట్టుకుని అత్తమ్మే తోడొచ్చింది. వరండాలో ఉన్నవాళ్లంతా చిన్నపిల్లలు, వాళ్ల తల్లులు. ఒకావిడ "మీ పాపది ఏ గ్రేడ్?" అని నన్ను అడిగింది. పరీక్ష నాకేనని చెప్పేసరికి నా చెవులు వేడెక్కాయి.

లోపల కాలు పెట్టుకోవడానికి ఇనుప స్టాండు ఇచ్చారు. దాని మీద కాలు సరిగ్గా కుదరలేదు, ఒళ్లో గిటారు పక్కకి జారింది. పాట మధ్యలోనే ఆగిపోయాను. తలుపు అద్దంలోంచి చూస్తున్న అత్తమ్మ లోపలికి వచ్చేసి, సంచిలోంచి మా పీట తీసి నా కాలికింద పెట్టింది.

"ఏటీ అనుకోకండి బాబూ, మా గుంటకి ఇదే అలవాటు," అంది ఎగ్జామినర్‌తో.

ఆయన నవ్వి, మళ్లీ మొదటి నుంచి వాయించమన్నారు.

పాసయ్యానని తర్వాత తెలిసింది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడకి నేను 'మా కోడలు'నే. తిరుగు బస్సులో ఆవిడ భుజం మీద తలవాల్చి నిద్రపోతున్నట్టు నటించాను.

"మెల్లిగా మాటాడమ్మా, మా గుంట పడుకున్నాది," అంటోంది పక్కావిడతో.

నేను కళ్లు తెరవలేదు.