ఎండాకాలం ఏరు

మా ఏరు అంత గొప్పదేమీ కాదు. పడమట చిట్టడవిలో ఎక్కడో పుట్టి, రెండు ఊళ్ళ మధ్యనుంచి పోయి, పులికాటు సరస్సులో కలుస్తుంది. పటంలో దానికేదో పేరుందట. మేం వట్టి ఏరనే అనేవాళ్ళం. ఉత్తరపు గట్టున నా పుట్టిల్లు, ఆంధ్ర. దక్షిణపు గట్టున అత్తిల్లు, మదరాసు రాష్ట్రం. నా పెళ్ళినాటికే ఆ సరిహద్దు గీత పడింది. అత్తింట్లో మాట తెలుగే అయినా, బస్సు బోర్డు మొదలు బడి పుస్తకం దాకా అన్నీ అరవం. ఎనిమిదో తరగతి చదివిన నేను అక్కడ బోర్డు చదవలేని మొద్దునయ్యాను.

పుట్టిల్లు కూతవేటు దూరం. అయినా వానలు మొదలైతే ఏరు గట్టుకు గట్టు పారేది. శివరాత్రి దాకా దాటడం కుదిరేది కాదు. ఇవతల నిలబడితే మా ఇంటి వెనక తాడిచెట్లు కనిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. లోకమంతా వాన కోసం మొక్కుకుంటే, నేను మాత్రం ఈ ఏడు కాస్త తక్కువ పడితే బాగుండునని మొక్కుకునేదాన్ని. రైతింటి కోడలిని, ఆ మాట బయటికి పొక్కితే నన్ను ఏట్లోనే తోసేవాళ్ళు.

ఎండాకాలం మా బావి నీళ్ళు ఉప్పగా మారేవి. ఏటి ఇసుకలో మోచేతి లోతున తవ్వితే మంచినీళ్ళు ఊరేవి. ఆ గుంటల్నే చెలమలంటాం. తెల్లవారగానే రెండు గట్ల ఆడవాళ్ళూ కడవలతో నడి ఏటికి వచ్చేవాళ్ళు. అమ్మా వచ్చేది. చెలమ నిదానంగా ఊరాలి, కొబ్బరి చిప్పతో తోడాలి. ఆ కాసేపే మా ఇద్దరిదీ.

"ఏందే మదరాసుదానా, చిక్కిపోయినావే" అనేది.

పిలుపు లేకుండా కోడలు పుట్టింటికి పోకూడదు గానీ, నీళ్ళకు పోవద్దని ఎవరంటారు!

ఒక ఎండాకాలం మా వీధి చివర బోరింగు వేశారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అందరూ చెలమలు మరిచిపోయారు. అత్త సంబరపడింది. నాకు గుండెల్లో రాయి పడింది.

"బోరింగు నీళ్ళకు పప్పు ఉడకదత్తా" అని అబద్ధమాడాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "సరే, పప్పుకు మాత్రం తెచ్చుకో. ఎండెక్కకముందే వచ్చేయి" అంది. ఆవిడకు అర్థమైందనే అనుకుంటాను.

రోజూ వెళ్ళాను. అమ్మ రాలేదు. అంత ఇసుకలో నేనొక్కదాన్నే చెలమ తవ్వుకుని, అవతలి గట్టుకేసి చూస్తూ కూర్చునేదాన్ని. పలకరించే దిక్కు లేదు. అమ్మకు జ్వరమేమో, అంతకన్నా పెద్దదేమోనని భయం పట్టుకుంది. ఇక ఉండలేక ఒక పొద్దున కడవ అక్కడే వదిలి అవతలి గట్టెక్కాను.

అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంది, నిక్షేపంలా. నన్ను చూసి చేట వదిలేసింది.

"ఏమైందమ్మా? కొట్టినారా? మీ అత్తకు చెప్పి వచ్చినావా?"

"నువ్వు ఏటికి రాలేదని వచ్చినా."

అమ్మ ఒకసారి లోపలికి, వదిన ఉన్నవైపు చూసింది. "ఎవరన్నా చూసేలోపల పో తల్లీ. అలిగి వచ్చేసినాదనుకుంటారు" అంటూనే చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. గటగటా తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

"ఏటి నీళ్ళా?" అని అడిగాను.

"కాదమ్మా. మాకూ బోరింగు వేసినారు" అంది అమ్మ. "ఇంక ఏటికి పోతానంటే మీ వదినకు ఏం చెప్పేది?"