బలపరిచేదెవరు?

“ఏమప్పా పురుషోత్తమ్, నీ పెండ్లికి గూడా సెకండ్ చేసేవాళ్లు ఉండిరా?” అని రాబర్ట్‌సన్‌పేట టీకొట్టు పిల్లప్ప ఒకసారి నలుగురిలో అడిగేశాడు.

“ఉండిరి. ప్రతిపాదించింది మా నాయన, బలపరిచింది మా మామ. వ్యతిరేకించింది మా అత్త ఒక్కతే,” అన్నాడు పురుషోత్తమ్, టీ ఊదుకుంటూ. నవ్వలేదు.

ఆయనకున్న జబ్బు అదొక్కటే. ఒకరు ప్రతిపాదించి ఇంకొకరు బలపరచనిదే లోకంలో ఏ పనీ జరగకూడదు. ఊళ్లోని చిన్న ప్రెస్బిటేరియన్ సంఘానికి ఆయన ఎల్డరు, పైగా కార్యదర్శి. ఆ సంఘాల పద్ధతి వేరు. పైన బిషప్పు ఉండడు. సభ్యులు ఓటేసి ఎన్నుకున్న పెద్దలే ఎల్డర్లు; వాళ్లూ పాస్టరూ కలిసి కూర్చుంటే అది సెషన్. ఏది తేల్చాలన్నా సెషనే తేల్చాలి. పాస్టరు అధ్యక్షుడే గానీ, ఓట్లు సమానమైతే తప్ప ఆయనకు ఓటు లేదు. దేవుడికి ఉందో లేదో నియమావళిలో రాయలేదు.

చర్చిలో సరే, ఇంట్లోనూ అదే వరస. “వంకాయ పులుసు చేయాలని ప్రతిపాదిస్తున్నాను” అంటాడు. “నేను బలపరచను” అంటుంది భార్య పుష్పావతి. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ పొయ్యి మీద వంకాయ ఉడికి చాలా ఏళ్లయింది.

బెంగళూరులో వేదాంతం చదివి కొత్తగా వచ్చిన పాస్టరు కేశవకు ఈ పెద్దమనిషి చెప్పులో రాయిలా తగిలాడు. (కేశవ అనే పాస్టరేమిటి అనకండి. కోలారు జిల్లాలో పేరు తాతది, మతం అవ్వది.) ఒకసారి సమాధుల తోటలో పెట్టె దించబోతుంటే వాన మొదలైంది. ప్రార్థన కుదిద్దామన్నాడు కేశవ.

“ఇది ప్రతిపాదనా, అభిప్రాయమా?” అన్నాడు పురుషోత్తమ్.

జనం తడుస్తూ నిలబడ్డారు. చివరికి పోయినాయన పెండ్లామే గట్టిగా అరిచింది: “నేను చేస్తా సెకండ్! దించండప్పా, ఆయనకు జలుబు చేస్తాది!”

ఇలాంటి సంఘంలో గంగులమ్మ వ్యవహారం వచ్చిపడింది. చర్చి ఊడ్చేదీ గంట కొట్టేదీ ఆ ముసలమ్మే. బూదికోటలో చెల్లెలి మనవరాలి పెండ్లికి పోయి, గుడి నుంచి వచ్చిన పులిహోర తిన్నది. సంగతి ఎల్డరు ఆంజినప్ప చెవిన పడింది. భక్తి ముదిరినవాళ్లకు చెవులు కూడా పెద్దవే. విగ్రహానికి పెట్టింది తిన్నందుకు ఆదివారం ఆమెను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకూడదు, రొట్టె, ద్రాక్షరసం ఇవ్వకూడదు అంటూ శనివారం సాయంత్రం సెషన్ పెట్టించాడు. మొగుడు పోయిన నెలలో కూడా గంగులమ్మ బల్ల మానలేదు.

ఆంజినప్ప ఈసారి పకడ్బందీగా వచ్చాడు.

“నోటీసు?” అన్నాడు పురుషోత్తమ్.

“ముందరే ఇచ్చినా.”

“అభియోగం రాసిచ్చినావా?”

“ఇదిగో. నువ్వు నేర్పిందే గదప్పా!”

“ఆమె మాట వినాల గదా.”

“బయటనే ఉండాది. పిలువు.”

గంగులమ్మ వచ్చి గోడ పక్కన నిలబడింది. “అమ్మా, ప్రసాదం తిన్నావా?” అని అడిగాడు కేశవ, లేదంటే బాగుండునని ఆశపడుతూ.

“తిన్నాను సామీ. ఇంగోసారి పెట్టించుకున్నా. శెనగ్గింజలు బాగా ఏసినారు.” కేశవ తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం, “రేపు బల్ల ఉండాది గదా సామీ? గ్లాసులన్నీ కడిగిపెట్టినా,” అని బయటికి పోయింది.

ఆంజినప్ప ప్రతిపాదించాడు. బావ తుమ్మినా బలపరిచే బావమరిది, ఎల్డరు నంజుండప్ప, వెంటనే చెయ్యెత్తాడు. నాలుగో ఎల్డరు చిన్నన్నకు మాలూరు ఫ్యాక్టరీలో షిఫ్టు. అటు ఇద్దరు, ఇటు పురుషోత్తమ్ ఒక్కడు. ఇన్నాళ్లూ ఈ మనిషి ప్రాణం తీసిన నియమాలే ఇప్పుడు ముసలమ్మ మెడకు చుట్టుకున్నాయని కేశవ పళ్లు కొరికాడు.

“ఓటింగ్‌కి పెడుతున్నాను,” అన్నాడు నీరసంగా.

పురుషోత్తమ్ లేచాడు. కండువా దులుపుకుని, గడప దాటి, వరండాలో నిలబడ్డాడు. జ్వరమొచ్చినా, కూతురికి నొప్పులని కబురొచ్చినా సభ మధ్యలో లేచిన మనిషి కాదు.

“యాడికి పోతావప్పా?” అని అరిచాడు ఆంజినప్ప.

“యాడికీ పోలేదు. ఈడనే ఉండాను. లోపల లేను, అంతే. ముగ్గురు ఎల్డర్లు లేందే కోరం లేదు. కోరం లేకుంటే ఓటింగ్ చెల్లదు.”

“బయట ఉండేవానికి సభలో మాట్లాడే హక్కు లేదు!”

“సభతో మాట్లాడింది ఎవరు? గంగులమ్మతో మాట్లాడతా ఉండా. అమ్మా, తీర్పు కాలేదు. తీర్పు కాకుంటే తప్పూ లేదు. రేపు గంట టైముకు కొట్టు.”

కేశవ గబగబా ముగింపు ప్రార్థన చేసేశాడు. ఆయన చేసినవాటిలో అంత పొట్టి ప్రార్థన, అంత మనస్ఫూర్తి ప్రార్థన ఇంకొకటి లేదు. తరవాత వరండాలోకి వచ్చాడు.

“అయ్యా, అనుమతి లేకుండా లేచిపోవడం తప్పు కదా?”

“తప్పే.”

“మరి?”

“సెకండ్ అనేది ఎందుకు పెట్టినారనుకున్నావు సామీ? ఒకని కోపానికి ఇంకొకడు తోడు రావాల. తోడు దొరికేలోపల సగం కోపాలు చల్లారిపోతాయి. బావమరిది పక్కనే కూర్చోనుంటే యాడ చల్లారతాది? ఇంగ కొంచెం టైము కావాల్సొచ్చింది.”

కేశవకు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చందా కట్టనివాళ్ల పేర్లు కొట్టేయాలన్నది, మొగుణ్ణి వదిలేసిన పిల్లను పాటల బృందంలోంచి తీసేయాలన్నది. అన్నీ అలాగే పోయాయి. “బలపరిచేదెవరు?” అంటూ పురుషోత్తమ్ కళ్లద్దాల మీదుగా ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తుంటే, చెయ్యి ఎత్తడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

ఆదివారం గంట మోగింది. గంగులమ్మ అందరికంటే ముందు వరసలో నిలబడి రొట్టె తీసుకుంది.

నెల తిరిగేసరికి మామిడితోట గుత్త దగ్గర చెడి బావాబావమరుదులకు మాటల్లేవు. సెషన్‌లో ఆంజినప్ప గంగులమ్మ సంగతే మళ్లీ ప్రతిపాదించాడు. నంజుండప్ప కిటికీలోంచి బయటికి చూశాడు. సెలవు దొరికి వచ్చిన చిన్నన్న ఆవులించాడు. ప్రతిపాదన చచ్చిపోయింది. ఆ కచ్చతో ఆంజినప్ప ఇంకొకటి వేశాడు: సభలోంచి లేచిపోయిన ఎల్డరుకు యాభై రూపాయల జరిమానా.

నంజుండప్ప మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

“నేను బలపరుస్తాను,” అన్నాడు పురుషోత్తమ్. “లేచిపోయిన మాట నిజం.”

తీర్మానం నెగ్గింది. ఆంజినప్ప చెయ్యి చాపాడు. “కట్టు మరి!”

“ఎప్పటిలోగా కట్టాలనేది తీర్మానంలో లేదే అప్పా. దానికి సవరణ కావాల.”

ఆంజినప్ప సవరణ ప్రతిపాదించాడు. ఎవరూ బలపరచలేదు. ఆ యాభై రూపాయలు పురుషోత్తమ్ సంఘానికి ఇప్పటికీ బాకీయే.